డిస్కు నిండలేదు బాబూ, పంపకాలే పూర్తి కాలేదు

మన కంప్యూటర్ జనాలకి "డిస్క్ ఫుల్" అనే జబ్బుకి రెండే మందులు తెలుసు. ఊళ్ళో అయితే ఫార్మాట్. కంపెనీలో అయితే కొత్త డిస్కు కోసం టికెట్. ఈ రెంటికీ ముందు "అసలు నిండిందా?" అని చూసే పని ఒకటుందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

నేను మాట్లాడేది లైనక్స్ మెషీన్ల గురించి. "నిండిపోయింది, చూడు" అని నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలా వాటికి డిస్కులో సగానికి పైగా జాగా ఊరికే పడి ఉంది. పడి ఉండటం అంటే ఫైళ్ళు లేక ఖాళీగా ఉండటం కాదండోయ్. ఏ పార్టిషన్‌కీ రాసివ్వని జాగా. అన్‌ఎలొకేటెడ్ అంటారే, అది. డబ్బు పెట్టి కొన్నారు, డబ్బాలో తిరుగుతోంది, కరెంటు తింటోంది, కానీ ఒక్క ఫైలు కూడా అందులోకి పోదు. ఎందుకంటే అది ఫలానా వాళ్ళదని ఎవరూ రాయలేదు.

(కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి. టెర్మినల్‌కి ఇంకా మన భాష రాదు :))

మాది నందికొట్కూరు. మా వైపు పార్టిషన్ అనే మాట కంప్యూటర్లు రాకముందు నుంచే ఉంది. అన్నదమ్ములు కుదిరి పంచుకుంటే పార్టిషన్ డీడు, కుదరకపోతే కోర్టులో పార్టిషన్ దావా. పదెకరాల పొలంలో పెద్దాయనకి నాలుగు, చిన్నాయనకి మూడు రాసి, మిగిలిన మూడెకరాల మాట ఎవరూ ఎత్తలేదనుకోండి. ఆ మూడెకరాలు ఎక్కడికీ పోవు. కంప మొలిచి అక్కడే ఉంటాయి. కానీ ఏ పాస్‌బుక్కులోనూ ఎక్కవు. ఇప్పుడు చిన్నాయన తన పాస్‌బుక్కు చూసుకుని "మూడెకరాలు చాలట్లేదు" అని పక్క ఊళ్ళో పొలం కొనడానికి అప్పు చేశాడనుకోండి, ఏమంటాం? ముందు నీ సర్వే నంబరు మొత్తం ఎంతో చూసుకోవయ్యా అంటాం. పొలం విషయంలో చదువు రాని వాళ్ళు కూడా అడిగే ఈ ప్రశ్న, డిస్కు విషయంలో బీటెక్ చదివిన వాళ్ళు అడగరు. నా బాధంతా అదే.

డీఎఫ్ అనే కమాండు ఉంది చూడండి, అది పాస్‌బుక్కు లాంటిది. మౌంట్ అయిన ఫైల్‌సిస్టమ్‌ల లెక్క మాత్రమే చెబుతుంది. దాన్ని అడిగిన దానికి అది నిజమే చెబుతుంది పాపం: "నీకు రాసిచ్చిన 98 జీబీలో 98 అయిపోయింది." డిస్కు మొత్తం ఎంత అని దాన్ని మనం అడగలేదు, అదీ చెప్పలేదు. విస్తీర్ణం మొత్తం తెలియాలంటే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టాలి. డిస్కు సైజు ఒక వరసలో, దాని కింద పార్టిషన్లు వరసగా వస్తాయి. పార్టిషన్లన్నీ కూడితే డిస్కు సైజుకి దగ్గరగా రావాలి. రాలేదంటే మిగతాది బయట ఉన్నట్టే. అది ఎక్కడ ఉంది, ఏ పార్టిషన్ పక్కన ఉంది అనే పటం కావాలంటే పార్టెడ్‌లో "ప్రింట్ ఫ్రీ" అనాలి. "ఫ్రీ స్పేస్" అని వేరే వరసల్లో చూపిస్తుంది. ఎల్‌వీఎమ్ వాడుతున్న మెషీన్ అయితే వీజీఎస్ అని కొట్టి చివర్లో వీఫ్రీ అనే గడి చూడాలి. ఇవేవీ ఎందుకులే అనుకునే వాళ్ళకి జీపార్టెడ్ ఉంది, బొమ్మ గీసి బూడిదరంగు పట్టీ వేసి మరీ చూపిస్తుంది. అన్నీ కలిపినా రెండు నిమిషాల పని. ఇవన్నీ చదవడమే తప్ప దేన్నీ మార్చవు, కాబట్టి భయం కూడా అక్కర్లేదు.

అసలు ఆ జాగా అలా బయట ఎందుకు మిగిలిపోతుంది? ఎవరో తెలియక చేశారని అనుకుంటాం గానీ, చాలాసార్లు తెలిసే చేస్తారు. ఉబుంటు సర్వర్ సంగతే తీసుకోండి. ఇన్‌స్టాలర్‌లో "మొత్తం డిస్కు వాడుకో" అన్న దాన్ని ఎంచుకుని ఎల్‌వీఎమ్ టిక్కు అలాగే ఉంచి ముందుకెళ్తే, అది మొత్తం డిస్కుని వాల్యూమ్ గ్రూపులోకి తీసుకుంటుంది. కానీ రూట్‌కి మొత్తం ఇవ్వదు. దానికో లెక్కుంది. జాగా 10 జీబీ లోపు ఉంటే మొత్తం ఇచ్చేస్తుంది. 10 నుంచి 20 మధ్యలో ఉంటే 10 ఇస్తుంది. 20 నుంచి 200 దాకా అయితే సగం. 200 దాటితే ఎంత పెద్ద డిస్కయినా సరే, 100 జీబీ. అంతే! అంటే మీరు 1 టీబీ డిస్కు పెట్టారనుకోండి, లైనక్స్ లెక్కలో అది 931 జీబీ, బూట్ వగైరాలకి ఒక మూడు పోగా రూట్‌కి 100, మిగతా 828 దాకా ఎవరికీ చెందని జాగా. 2 టీబీ పెట్టినా రూట్‌కి అదే 100. "మొత్తం డిస్కు వాడుకో" అని మనం అన్నాం, అదీ సరే అంది. మనిద్దరికీ "వాడుకోవడం" అన్న మాటకి అర్థం వేరన్నమాట.

ఈ పద్ధతి వెనకున్న ఆలోచన తప్పేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. లాజికల్ వాల్యూమ్‌ని పెంచడం తేలిక, తగ్గించడం కష్టం. రేపు స్నాప్‌షాట్ తీయాలన్నా, డేటాబేస్‌కి వేరే వాల్యూమ్ కావాలన్నా గ్రూపులో జాగా ఉండాలి. అనుభవం ఉన్న అడ్మిన్ ఎవరైనా మొదట తక్కువిచ్చి అవసరాన్ని బట్టి పెంచుతాడు. కానీ ఆ తక్కువిచ్చిన సంగతి అతనికి తెలుసు! ఇన్‌స్టాలర్ మాత్రం ఆ విషయాన్ని సారాంశం చూపించే స్క్రీన్ మీద "ఫ్రీ స్పేస్" అని ఒక్క వరసలో చెప్పి ఊరుకుంటుంది. ఆ స్క్రీన్ మీద మన వేలు ఎక్కడుంటుంది? "డన్" మీద. ఎంటర్, ఎంటర్, ఎంటర్.. కాఫీ.

నేను పనిచేసిన ఒక చోట (పేరు వద్దు లెండి) ఒక టెస్ట్ సర్వర్‌లో రూట్ ఎప్పుడు చూసినా 96 శాతం దగ్గర ఉండేది. దానికి ఆన్‌కాల్ వాళ్ళు కనిపెట్టిన వైద్యం ఏంటంటే, ప్రతి శుక్రవారం సాయంత్రం పాత లాగులు తుడిచేయడం. తర్వాత దానికో క్రాన్ జాబ్, దానికో డాక్యుమెంటు, కొత్తగా చేరిన వాళ్ళకి దాని మీద ట్రైనింగు! ఆర్నెల్లు ఈ సంప్రదాయం నడిచింది. చివరికి ఒక బగ్ ఎప్పట్నుంచి ఉందో తేల్చడానికి రెండు నెలల వెనకటి లాగులు కావాల్సి వచ్చింది. లేవు. మనమే శ్రద్ధగా తుడిచాం కదా. ఆ రోజు వీజీఎస్ కొడితే వీఫ్రీ కింద 800 పైచిలుకు జీబీ. పదిమంది ఇంజనీర్లు, ఆర్నెల్లు, ఒక్కరూ ఆ గడి చూడలేదు. దీన్ని ఏ టూల్ లోపం అంటారు? టూల్ చక్కగా చెబుతోంది, అడిగిన వాడు లేడు.

కంపెనీలో పోయింది లాగులే కాబట్టి సరిపోయింది. ఊళ్ళో ఏం పోతుందో చెబుతా.

నాకు వరసకి చిన్నాయన అయ్యే ఆయన ఒకరు నందికొట్కూరులో దస్తావేజులు రాస్తారు. ముందు చేత్తో రాసేవారు, తర్వాత కంప్యూటర్‌కి మారారు. ఆయన వయసు వాళ్ళంతా అను ఫాంట్లు పట్టుకుని వేలాడుతుంటే యూనికోడ్ నేర్చుకున్న అరుదైన మనిషి. 2021లో ఆయన డెస్క్‌టాప్‌లో విండోస్ మరీ నత్తనడక నడుస్తోందని ఊళ్ళోనే ఒక రిపేరు షాపు కుర్రాడు లైనక్స్ మింట్ వేసిచ్చాడు. అక్కడిదాకా శభాష్. నాలుగేళ్ళు బాగా నడిచింది. దస్తావేజుల నకళ్ళు, పాత లింకు డాక్యుమెంట్ల స్కాన్లు, ఫోన్‌లోంచి ఎక్కించిన పెళ్ళి వీడియోలు అన్నీ అందులోనే. 2025 చివర్లో ఒక రోజు పాస్‌వర్డ్ కొడితే లోపలికి పోకుండా మళ్ళీ పాస్‌వర్డే అడగడం మొదలుపెట్టింది. రూట్ పూర్తిగా నిండితే చాలాసార్లు ఇలాగే అవుతుంది, డెస్క్‌టాప్ తన చిన్నాచితకా ఫైళ్ళు రాసుకోవడానికి కూడా చోటుండదు కాబట్టి. మళ్ళీ అదే షాపుకి తీసుకెళ్ళారు. "హార్డ్ డిస్కు నిండిపోయింది, ఫార్మాట్ కొట్టల్ల" అన్నాడట. కొట్టాడు.

నాకు ఫోన్ వచ్చింది ఆ తర్వాత.

"అబ్బీ, దాని కడుపు నిండిపోయిందంట. ఫార్మాట్ కొట్టించినా. ఇప్పుడు నా దస్తావేజులు యాడ చూడల్ల?"

"చిన్నాయనా, పెన్‌డ్రైవ్‌లో ఏమన్నా దాచుకున్నావా?"

"కొన్ని ఉండాయి. అన్నీ యాడుంటాయి?"

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూశాను. 1 టీబీ డిస్కు. అందులో 100 జీబీ పార్టిషన్ ఒకటి, దాన్నే మళ్ళీ ఫార్మాట్ చేసి దాన్లోనే మళ్ళీ మింట్ వేశాడు. మిగిలిన 830 జీబీ? 2021 నుంచీ అలాగే, బూడిదరంగు పట్టీలా, ఆ 100కి కుడిపక్కనే ఆనుకుని. ఆ రోజు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి జీపార్టెడ్ తెరిచి పార్టిషన్ చివర పట్టుకుని కుడికి లాగి అప్లై అని ఉంటే అయిపోయేది. పది నిమిషాలు కూడా పట్టదు. ఒక్క ఫైలు కదిలేది కాదు.

ఫోటోరెక్ వేసి ఒక రాత్రంతా తవ్వాను. వేల ఫైళ్ళు దొరికాయి. పేర్లు లేకుండా! ఎఫ్ అనే అక్షరం, దాని పక్కన ఓ పొడుగాటి అంకె, అంతే. చిన్నాయన ఒక్కోటీ తెరిచి, చెక్కుబంది చదివి, తూర్పు ఫలానా వాళ్ళ పొలం, పడమర రస్తా అంటే ఇది ఫలానా ఊరిదని గుర్తుపట్టి పేర్లు పెట్టుకుంటున్నారు. రిజిస్టర్ అయినవి ఎలాగూ ఆఫీసులో ఉంటాయి. పోయింది ఆయన రాసుకున్న చిత్తు ప్రతులు, కక్షిదారులు నమ్మి ఇచ్చిన స్కాన్లు. తను ఊరందరికీ పార్టిషన్ డీడ్లు రాసి పెడతారు, తన డిస్కు పార్టిషన్ మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు.

ఆ షాపు కుర్రాణ్ణి కలిసి మాట్లాడాను. దబాయించలేదు, నిజంగానే ఎందుకలా చేశాడో తెలుసుకుందామని. "సీ డ్రైవ్‌కి ఎప్పుడూ వందే ఇస్తానన్నా" అన్నాడు. విషయం అక్కడ దొరికింది! విండోస్‌లో సీ డ్రైవ్‌కి 100, మిగతాది డీ, ఈ అని కొట్టడం వాడి చేతికి అలవాటు. లైనక్స్ వేసేటప్పుడు సీ లాంటిది ఒకటి కొట్టాడు, డీ లాంటిది ఎక్కడుందో తెలియక వదిలేశాడు. వాడికి రోజుకి అన్ని మెషీన్లు, ఒక్కోదానికి వచ్చేది కొన్ని వందలు. ఎవరూ నేర్పలేదు, తనే చూసి నేర్చుకున్నాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

తిట్టాల్సింది మనల్ని. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో డిస్కు షెడ్యూలింగ్ లెక్కలు చేశాం గుర్తుందా? హెడ్ 53వ సిలిండర్ దగ్గరుంది, స్కాన్ పద్ధతిలో మొత్తం ఎంత దూరం తిరుగుతుంది.. స్కేలు పెట్టి గీతలు గీసి మరీ మార్కులు తెచ్చుకున్నాం. తిరిగే పళ్ళెమే లేని ఎస్ఎస్‌డీల కాలంలో కూడా అవే లెక్కలు. కానీ నాలుగేళ్ళలో ఒక్క ల్యాబ్‌లోనైనా "ఇదిగో డిస్కు, ఇది ఎన్ని ముక్కలుందో చూసి చెప్పు" అని ఎవరైనా అడిగారా? నన్నైతే అడగలేదు. ఆ చదువుతోనే మనం ఉద్యోగాల్లో చేరాం. షాపు కుర్రాడు ఫార్మాట్ కొట్టినట్టే మనం టికెట్ కొడుతున్నాం. తేడా ఏంటంటే వాడు తీసుకునేది వందల్లో, మనం లక్షల్లో.

ఇప్పుడే ఎందుకింత గోల అంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎమ్ 2.0 ఉండాలి, ప్రాసెసర్ మరీ పాతది కాకూడదు. ఊళ్ళల్లో డీటీపీ సెంటర్లలో, బడుల్లో, మీసేవల చుట్టుపక్కల ఉన్న పాత మెషీన్లకి అవి ఎక్కడుంటాయి? వాటిలో చాలా వాటికి లైనక్స్ పడుతుంది, పడుతోంది. మంచిదే. ఇన్నాళ్ళూ మనం కోరుకున్నదే. కానీ ఒక్కో మెషీన్‌కి ఇదే "వందే ఇస్తా" పద్ధతిలో పడితే, రెండేళ్ళ తర్వాత ఊరంతా ఒకటే మాట అంటుంది: "లైనక్స్ వేస్తే హార్డ్ డిస్కు నిండిపోతాది." ఆ చెడ్డపేరు ఒక్కసారి వచ్చిందంటే పోదు.

సరే, తిట్టింది చాలు. జాగా ఉందని తేలితే ఏం చేయాలో చెప్పకపోతే నాకూ ఆ టికెట్ బాబులకీ తేడా ఉండదు.

ఎల్‌వీఎమ్ అయితే అసలు కష్టమే లేదు. ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి మైనస్ చిన్న ఆర్ తగిలిస్తే వాల్యూమ్‌తో పాటు ఫైల్‌సిస్టమ్‌ని కూడా తనే పెంచేస్తుంది. సర్వర్ ఆపక్కర్లేదు, రీబూట్ అక్కర్లేదు, నడుస్తుండగానే. కానీ నెట్‌లో ప్రతి చోటా "100 శాతం ఫ్రీ" అని కొట్టమని రాస్తారు, అక్కడ ఒక్క క్షణం ఆగండి. ఉన్నదంతా రూట్‌కే పోసేస్తే రేపు తీసుకోవాలంటే ఏడుపే. ఈఎక్స్‌టీ4ని తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయాలి. రెడ్ హ్యాట్ వాళ్ళు 2014లో వచ్చిన ఆర్‌హెచ్‌ఈఎల్ 7 నుంచీ ఎక్స్ఎఫ్ఎస్‌నే డిఫాల్టుగా ఇస్తున్నారు, దాన్ని తగ్గించడమంటే దాదాపు కుదరని పని, డేటా తీసి మళ్ళీ కొత్తగా చేసుకోవాలి. కాబట్టి కావాల్సినంత పెంచి మిగతాది ఉంచండి. ఉంచినట్టు ఎక్కడో రాసిపెట్టండి కూడా!

మామూలు పార్టిషన్ అయితే ఖాళీ ఏ పక్కన ఉందన్నదే అసలు ప్రశ్న. పార్టిషన్ తర్వాత ఆనుకుని ఉంటే అదృష్టం, చిన్నాయన డిస్కులో ఉన్నట్టు. గట్టు జరిపితే చాలు. మధ్యలో స్వాప్ పార్టిషన్ అడ్డం ఉండటం పాత ఉబుంటుల్లో మామూలే, స్వాప్‌ని ఆపి తీసేసి, పెంచుకుని, స్వాప్‌ని ఫైలుగా పెట్టుకుంటే సరి (హైబర్నేట్ వాడేవాళ్ళు దానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి). ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పాత స్వాప్ వరస తీసేయడం మరిచిపోవద్దు, బూట్ అయ్యేటప్పుడు ఒకటిన్నర నిమిషం దాని కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది. విండోస్‌ని కుదించగా వచ్చిన ఖాళీ లైనక్స్‌కి ఎడమపక్కన వస్తుంది, అదే చిక్కు. గట్టు జరపడం కాదు, ఇల్లు మొత్తం పక్క స్థలంలోకి జరపాలి. జీపార్టెడ్ జరుపుతుంది, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. మా వైపు కరెంటు సంగతి తెలిసిన వాడిగా చెబుతున్నా, బ్యాకప్ లేకుండా ఆ పని పెట్టుకోకండి. దానికి బదులు ఆ ఎడమ జాగాలోనే కొత్త పార్టిషన్ చేసి ఈఎక్స్‌టీ4 పెట్టి, వీడియోలు, స్కాన్లు అక్కడికి మార్చి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతో మౌంట్ చేసుకోండి. ఫలితం అదే, ప్రమాదం లేదు.

పాత ఎంబీఆర్ డిస్కుల్లో ఇంకో తమాషా ఉంది. నాలుగు ప్రైమరీ పార్టిషన్లకి మించి కుదరవు. నాలుగూ ఉంటే మిగిలిన జాగా కళ్ళముందే ఉంటుంది గానీ కొత్తది చేయనివ్వదు. పైగా మామూలు 512 బైట్ల సెక్టార్లయితే 2 టీబీ దాటిన భాగాన్ని అది అసలు లెక్కే పెట్టలేదు. 4 టీబీ డిస్కు కొని, పాత అలవాటు కొద్దీ ఎంబీఆర్ పెట్టి, సగమే వస్తోందని షాపు వాడితో గొడవ పడ్డ వాళ్ళు నాకు తెలుసు. జీపీటీ పెట్టుకుంటే తీరిపోతుంది.

క్లౌడ్‌లో కథ ఇంకా బాగుంటుంది. డిస్కుని 50 నుంచి 200 చేయమని టికెట్ వేస్తారు. అటువాళ్ళు చేస్తారు, టికెట్ మూసేస్తారు. ఇటువాళ్ళు డీఎఫ్ కొడితే ఇంకా 50 అనే ఉంటుంది. "పెరగలేదు, 400 చేయండి" అని ఇంకో టికెట్! నేను చూశానండీ బాబూ. డిస్కు పెరిగింది, దాని మీద పార్టిషన్ పెరగలేదు, దాని మీద ఫైల్‌సిస్టమ్ పెరగలేదు. గ్రోపార్ట్ కొట్టి, తర్వాత ఈఎక్స్‌టీ4 అయితే రిసైజ్2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఎక్స్ఎఫ్ఎస్ గ్రోఎఫ్ఎస్ కొడితే అయిపోయింది. అమెజాన్ ఈబీఎస్‌లో మీరు ఎంత వాడారన్న దానికి కాదు, ఎంత కేటాయించుకున్నారన్న దానికి బిల్లు పడుతుంది. ఆ పెరగని 150కి నెలనెలా అద్దె కడుతూనే ఉంటారు.

అలాగని తగ్గిన ప్రతి జీబీ ఇందులోనే ఉంటుందని తవ్వకండి. 500 జీబీ డిస్కు 465గా కనపడటం దొంగతనమేం కాదు, కంపెనీ వాడు వెయ్యితో లెక్కేస్తాడు, మన మెషీన్ 1024తో లెక్కేస్తుంది. ఈఎక్స్‌టీ4 తనంతట తాను 5 శాతం రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది, 1 టీబీలో అది 50 జీబీ దాకా ఉంటుంది. కేవలం డేటా పెట్టుకునే డిస్కు అయితే ట్యూన్2ఎఫ్ఎస్‌తో తగ్గించుకోవచ్చు, రూట్‌కి మాత్రం ఉండనివ్వండి. డిస్కు మొదట్లో ఓ 1 ఎంబీ ఖాళీ కనిపిస్తుంది, అది ఎలైన్‌మెంట్ కోసం, దాన్ని వదిలేయండి మహాప్రభో!

"స్టోరేజీ ఇంత చవకైన రోజుల్లో ఈ పిసినారితనం ఏంటి" అని ఒక మిత్రుడు అన్నాడు. చవక ఎవరికి? గచ్చిబౌలిలో కూర్చుని కంపెనీ కార్డు మీద కొనే వాడికి. దస్తావేజుకి ఇంత అని తీసుకునే మనిషికి కొత్త డిస్కు చవక కాదు. పైగా చిన్నాయన పోగొట్టుకున్నది డిస్కు కాదు కదా, డిస్కు అలాగే ఉంది.

"మామూలు మనిషికి ఇవన్నీ తెలియాలా, తెలియకుండా పనిచేయాలి కదా కంప్యూటర్" అనేది ఇంకో వాదన. ఇది కొంచెం బలమైనదే. నిజమే, చిన్నాయనకి తెలియక్కర్లేదు. షాపు వాడికి తెలియాలి, ఇన్‌స్టాలర్ రాసిన వాడు చెప్పాలి, వీళ్ళిద్దరికీ పైన చదువుకున్నామని చెప్పుకునే మనకి తెలిసి తీరాలి. డిస్కు నిండిందని హెచ్చరిక పెట్టే డెస్క్‌టాప్ ఆ హెచ్చరికలోనే "ఈ డిస్కులో ఇంకా 830 జీబీ ఎవరికీ కేటాయించకుండా ఉంది" అని ఒక్క ముక్క కలిపితే ఎంత పోతుంది? ఆ సమాచారం సిస్టమ్ దగ్గర ఉంది. చెత్తబుట్ట ఖాళీ చేసుకోమని సలహా ఇస్తుంది గానీ ఇది చెప్పదు. ఓపెన్ సోర్స్ కదా, మనమే రాయొచ్చు అంటారేమో. అవును, రాయొచ్చు. ఆ పని తలపెట్టే వాళ్ళుంటే చెప్పండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను. తెలుగు వాక్యం కూడా అందులోనే పెడదాం.

మా సీమ వాళ్ళకి కేటాయింపు అనే మాట బరువు ఒకరు చెప్పక్కర్లేదు. బచావత్ ట్రిబ్యునల్ నికర జలాలు, మిగులు జలాలు అన్న లెక్కల కాడినుంచీ వింటూ పెరిగాం. శ్రీశైలంలో 885 అడుగుల నిండా నీళ్ళు కళ్ళకి కనిపిస్తున్నా, కాలవకి ఎంత రాశారన్నదే ప్రశ్న. అక్కడ రాష్ట్రాలు, కోర్టులు, బోర్డులు. ఇక్కడ మాత్రం మీ డిస్కు, మీ రూట్ పాస్‌వర్డు, అడ్డం వచ్చేవాడు ఎవడూ లేడు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల్నే రీ-పార్టిషన్ చేసి మా ఊరిని కర్నూలులోంచి తీసి నంద్యాలలో కలిపారు. కర్నూలు మాకు దగ్గర, నంద్యాల దూరం, అది వేరే గోల. కానీ ఆ పని కోసం ఊరిని ఫార్మాట్ అయితే కొట్టలేదు కదా :)

సోమవారం ఆఫీసుకెళ్ళాక మీ చేతి కింద ఉన్న సర్వర్లలో ఒక్కసారి వీజీఎస్ కొట్టి చూడండి. వీఫ్రీ కింద సున్నా ఉంటే, పార్టెడ్ కూడా ఏమీ లేదంటే, అప్పుడు వేయండి టికెట్టు. నేనేమీ అనను.